గొంతును చూస్తున్నారు, వినడం లేదు

ఈమధ్య గొంతు ఆపరేషన్ చేయించుకొచ్చినవాళ్లని ఎవరిని పలకరించినా మాటకంటే ముందు జేబులోంచి ఫోను బయటికొస్తోంది. అందులో వీడియో. ఎర్రటి గొంతు లోపల రెండు తెల్లటి స్వరతంత్రులు. ఆపరేషన్‌కి ముందు బొడిపెతో ఒకటి, తర్వాత నున్నగా ఒకటి. "చూడండి మాస్టారూ, బొడిపె ఆనవాలు కూడా లేదు. నూటికి నూరుపాళ్లూ సక్సెస్ అన్నారు డాక్టరు గారు" అంటారు. ఆ మాట అనేది మాత్రం బొంగురు గొంతుతోనే. వాక్యం సగంలో ఊపిరి చాలక ఆగి, మళ్లీ గాలి పీల్చుకుని, మెడ నరాలు బిగబట్టి అంటారు. ఇదేమిటమ్మా ఇలా ఉంది అని అడిగితే, "అది మెల్లగా సర్దుకుంటుందట" అని ఫోను లోపల పెట్టేసుకుంటారు. దేనికోసం కత్తికి గొంతు అప్పగించారో అది రాలేదు. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నేను కత్తి పట్టిన డాక్టర్ని కాను. మైసూరులో 1965లో పెట్టిన ఆలిండియా స్పీచ్ అండ్ హియరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని, కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో, చెవి ముక్కు గొంతు విభాగం వరండా చివరి గదిలో స్పీచ్ థెరపిస్టుగా ఉద్యోగం వెళ్లదీసి రిటైరైనవాణ్ణి. డాక్టర్లు కోసి పంపిన గొంతులు, కోయకుండా పంపిన గొంతులు, ఎవరూ పంపకపోయినా వెతుక్కుంటూ వచ్చిన గొంతులు, అన్నీ ఆ గదిలో విన్నాను. వినడమే నా ఉద్యోగం. మా రోజుల్లో చేతికి ఇన్ని పరికరాలు లేవు. ఉన్న చెవులతో పనిచేసుకునేవాళ్లం. ఇప్పుడు పరికరాలు గది నిండా ఉన్నాయి, వినే నాథుడే లేడు.

అప్పట్లో ఓపీ అంటే స్పిరిట్ దీపం, పొడుగాటి కాడకి బిగించిన చిన్న గుండ్రటి అద్దం, డాక్టరు నుదుటి మీద ఇంకో అద్దం, రోగి వెనక నూరు వాట్ల బల్బు. చిన్న అద్దాన్ని దీపం మీద కాచి, వేడి ఎక్కువైందేమోనని చేతి వెనకవైపు తాకించి చూసుకుని, రోగి నాలుకని గాజుగుడ్డతో పట్టి బయటికి లాగి, అద్దాన్ని కొండనాలుక దాకా పోనిచ్చి "ఈ... అనండి" అనేవారు. కాచకపోతే ఊపిరి తగిలి అద్దం మసకేసేది. కొందరికి అద్దం తగలగానే డోకు వచ్చేది. రెండు క్షణాలు కనిపిస్తే అదే మహాభాగ్యం. ఈ పద్ధతికి ఆద్యుడు డాక్టరు కూడా కాదు, పాటల మాస్టారు. మాన్యుయెల్ గార్సియా అనే ఆయన 1854లో పళ్ల డాక్టర్లు వాడే అద్దం ఒకటి, చేతి అద్దం ఒకటి పట్టుకుని, ఎండ సాయంతో తన గొంతు తానే చూసుకున్నాడు. పాట పుట్టేచోట ఏం జరుగుతోందో తెలుసుకోవాలని ఆయన తపన. చూడ్డం మొదలైందే పాట కోసం. ఆ సంగతి ఇప్పుడెవరికీ పట్టదు.

అద్దంలో కనిపించేది రెండు క్షణాలే కాబట్టి, మా విభాగం పెద్ద డాక్టరు గారు రోగి కూర్చోగానే అద్దం ముట్టుకునేవారు కాదు. ముందు మాట్లాడించేవారు. ఏ ఊరు, ఏం పని చేస్తావు, పొద్దున లేవగానే బాగుంటుందా, సాయంత్రానికి బాగుంటుందా, పాట పాడతావా, ఇంట్లో చెవిటివాళ్లెవరైనా ఉన్నారా. కళ్లు మూసుకుని వినేవారు. ఒకసారి రేవులో చేపల వేలం పాడే మనిషి వచ్చాడు. నాలుగు ముక్కలు మాట్లాడాడో లేదో, "ఒకవైపే ఉన్నట్టుంది, మెత్తగా వేలాడుతోంది, మాట మధ్యలో అడ్డొచ్చి పోతోంది" అన్నారు. అద్దంలో చూస్తే ఎడమ తంత్రి మీద పాలిప్. చెవితోనే అంతా తేలుతుందని నేననడం లేదు. క్యాన్సరుని మామూలు బొంగురనుకుని మిరియాల కషాయంతో నెలలు గడిపి చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లని చూశాను. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే, అందులోనూ చుట్టా బీడీ అలవాటున్నవాళ్లయితే, లోపల చూపించుకుని తీరాలి. అందులో రెండోమాట లేదు. చూడొద్దని కాదు నా గోల. చూసి ఊరుకుంటున్నారని.

ఆపరేషన్ విషయంలో మా రోజులే మేలంటే కళ్లు పోతాయి. గొంతులోకి లోహపు గొట్టం దించి, మైక్రోస్కోపులో చూస్తూ రెండు చేతులా పనిచేసే పద్ధతిని జర్మనీలో క్లైన్‌సాసర్ 1960లలో ఒక దారికి తెచ్చాడు. అది మన జిల్లాల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక కూడా చేసే పని మోటుగానే ఉండేది. పాలిప్ ఉన్నా, వాపు ఉన్నా, తెల్లమచ్చ ఉన్నా, ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకుని తంత్రి పైపొర మొత్తం ఒలిచేయడమే. స్ట్రిప్పింగ్ అనేవారు. కొత్త చర్మం దానంతటదే వస్తుందని ధీమా. చర్మం వచ్చేది నిజమే. గొంతు వచ్చేది కాదు.

ఎందుకు రాదో విడమరిచి చెప్పినవాడు జపాన్ డాక్టరు మినోరు హిరానో. 1970లలో ఆయన స్వరతంత్రిని పొర పొరగా చూపించాడు. పైన పల్చటి చర్మం, దాని కింద జిగురుగా ఉండే మెత్తటి పొర, ఆ కింద పీచు, అన్నిటికీ అడుగున కండ. ఆ మెత్తటి పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మన మాటలోని నునుపంతా అందులోనే ఉంది. వెచ్చటి పాలగిన్నెని కాస్త కదిపితే పైన మీగడ అల వేస్తుంది చూడండి, కింద పాలు ఉన్నాయి కాబట్టే మీగడ కదులుతుంది. అలాగే ఊపిరి కిందినుంచి తోసినప్పుడు పైచర్మం ఆ మెత్తటి పొర మీద జారుతూ అలలు వేస్తుంది. మామూలు మాటలో మగవాళ్లకి సెకనుకి నూటికి పైగా సార్లు, ఆడవాళ్లకి దాదాపు రెండొందల సార్లు. చర్మంతోపాటు ఆ పొరనీ ఒలిచేస్తే, కొత్తగా వచ్చిన చర్మం నేరుగా లోపలి పీచుకి అంటుకుపోతుంది. మచ్చ కడుతుంది. ఇక అల లేదు. పైకి మాత్రం తిన్నగా, తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. ఫోటో తీస్తే పుస్తకంలో అచ్చేయొచ్చు.

అలాంటి గొంతు ఎలా ఉంటుందో నేను మొదటిసారి విన్నది ఒక పద్యనాటక నటుడి దగ్గర. కృష్ణుడి వేషం ఆయనది. తెల్లవార్లూ ఆడే నాటకాలు, పద్యం చివర రాగం, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ రాగం. కరక్కాయ బుగ్గన పెట్టుకుని, మిరియాలూ పటికబెల్లం నములుతూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. చివరికి గొంతు మొరాయిస్తే వేరే ఊళ్లో ఆపరేషన్ చేయించుకున్నాడు. మూడు నెలలయ్యాక, హార్మోనియం వాయించే తమ్ముణ్ణి పెట్టెతో సహా వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. "ఆ" అని ఎంతసేపు పట్టగలరో పట్టండి అని స్టాప్‌వాచీ నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న మగవాడు పదిహేను ఇరవై సెకన్లు తేలిగ్గా పడతాడు. రాగాలు తీసే మనిషి అంతకంటే ఎక్కువే పట్టాలి. ఈయనది ఆరో సెకనుకి గాలిగా మారిపోయింది. మాట్లాడుతుంటే పరవాలేదు, కొంచెం బొంగురు. తమ్ముడు పెట్టె తెరిచి షడ్జమం పట్టాడు, అన్న అందుకున్నాడు. మధ్యమం దాకా ఎలాగో లాక్కొచ్చాడు. పంచమం దగ్గర గొంతు రెండు పాయలుగా చీలింది. పైషడ్జమం దగ్గర నోరు తెరిచే ఉంది, మెడ ఉబ్బే ఉంది, శబ్దం లేదు. తమ్ముడు తిత్తి ఆపలేదు. అన్న అందుకుంటాడేమోనని ఆ స్వరం మీదే వేలుంచి ఊదుతూ కూర్చున్నాడు.

మా పెద్ద డాక్టరు గారు అద్దం పెట్టి చూశారు. "చూడ్డానికి బాగున్నాయి, పనికే లేవు" అన్నారు. నెలల తరబడి సాధన చేయించాం. మాట కుదుటపడింది, గాలి పోవడం తగ్గింది, నలుగురిలో మాట్లాడగలిగాడు. పద్యం మాత్రం రాలేదు. తర్వాత ఆయన కుర్రాళ్లకి వాచికం నేర్పేవాడు. పద్యం దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి చేత పాడించేవాడు.

ఇది మన జిల్లా ఆసుపత్రుల కాలం నాటి గోడేలే అనుకునేవాళ్లకి జూలీ ఆండ్రూస్ సంగతి చెప్పాలి. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమాలో కొండల మీద పాడిన ఆవిడే. 1997లో న్యూయార్కులో ఆవిడ తంత్రులకి ఆపరేషన్ అయింది. పాట పోయింది. 1999లో కోర్టుకెక్కారు, 2000లో రాజీ అయింది. ఆ తర్వాతా గొంతుకి ఆపరేషన్లు చేయించుకున్నారు. మాట ఉంది, సినిమాల్లో నటించారు, పుస్తకాలు రాశారు. ప్రపంచమంతా విన్న ఆ పాట మాత్రం తిరిగి రాలేదు. డబ్బుకి కొదవలేదు, డాక్టర్లకి కొదవలేదు. అయినా మిల్లీమీటరులో సగం పొర దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి.

ఇప్పటి సర్జన్ల చేతులు వేరు, దణ్ణం పెట్టాలి. స్ట్రోబోస్కోపు వచ్చింది. తంత్రి కదలికకి ఒక వెంట్రుకవాసి తేడాతో వెలిగి ఆరే దీపం అది. సెకనుకి రెండొందల సార్లు కొట్టుకునే తంత్రి ఆ వెలుగులో నిదానంగా అలలు వేస్తూ కనిపిస్తుంది. ఎక్కడ అల ఆగిందో అక్కడే జబ్బు. ఆపరేషన్‌లో పైచర్మం కింద సన్నటి సూదితో మందు కలిపిన సెలైన్ ఎక్కించి ఉబ్బిస్తారు. చర్మాన్ని చిన్నగా కోసి పైకెత్తి, కింద ఉన్న గడ్డని మాత్రం తీసి, మెత్తటి పొరని వీలైనంత వరకు ముట్టుకోకుండా, చర్మాన్ని తిరిగి పరిచేస్తారు. ఒలిచేయడమనేదే లేదు. ఇంగ్లండు గాయని అడెల్‌కి 2011లో తంత్రి మీద పాలిప్ నుంచి రక్తం కారి కచేరీలన్నీ రద్దు చేసుకోవాల్సి వస్తే, ఆ నవంబరులో బోస్టన్‌లో డాక్టరు స్టీవెన్ జైటెల్స్ ఆపరేషన్ చేశారు. వారాల తరబడి ఆవిడ నోరు విప్పలేదు. 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదికెక్కి పాడారు, ఆ రాత్రి ఆరు అవార్డులు తీసుకున్నారు. అంతకు పద్నాలుగేళ్ల ముందు జూలీ ఆండ్రూస్‌కి జరిగినదానికి, ఈవిడకి జరిగినదానికి ఎంత తేడా! ఇంత మంచి కథనీ ఇక్కడితో ఆపేసి చెబుతారు. 2017లో అదే అడెల్, తంత్రులు మళ్లీ దెబ్బతిన్నాయని లండన్ వెంబ్లీలో చివరి రెండు కచేరీలు రద్దు చేసుకున్నారు. తీసేసిన బొడిపె తీసేసినట్టే. దాన్ని తెచ్చిపెట్టిన పని ఎక్కడికీ పోలేదు.

పైగా అన్ని బొడిపెలూ ఒకటి కావు. ఇది చెప్పడానికి ఇప్పటి డాక్టర్లకి తీరిక లేదో, వినడానికి మనవాళ్లకి ఓపిక లేదో నాకు తెలియదు. పాలిప్ అయితే, చేయి తిరిగిన సర్జను దొరికితే, గొంతు చాలావరకు తిరిగి వస్తుంది. వేలంపాట మనిషి మళ్లీ రేవులో అరిచాడు. చర్మం కింద తిత్తి ఉంటే పగలకుండా మొత్తం తీయాలి, ముక్క మిగిలితే మళ్లీ పెరుగుతుంది, చుట్టుపక్కల గీసుకుపోతే మచ్చ మిగులుతుంది. తంత్రి మీద గాడి పడినా, పాత మచ్చ ఉన్నా, ఇంత బాగవుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కొవ్వు ఎక్కిస్తున్నారు, స్టెరాయిడ్ సూదులు వేస్తున్నారు, కొత్త లేజర్లు పెడుతున్నారు. కొంత మేలు జరుగుతుంది, మొదటి గొంతు రాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఇక టీచర్లకి, పాడేవాళ్లకి రెండువైపులా ఎదురెదురుగా వచ్చే కాయలు, అవే నాడ్యూల్స్. వాటిమీద ముందు కత్తి పెట్టనే కూడదు. వాడకం మారితే చాలావరకు అవే కరిగిపోతాయి. వాడకం మారకుండా కోస్తే అవే మళ్లీ వస్తాయి, ఈసారి మచ్చతో కలిసి వస్తాయి.

ఈ మాట మా రోజుల్లో తల్లిదండ్రులకి చెబితే వినేవారు. ఇప్పుడు టీవీ పాటల పోటీల పుణ్యమా అని పదేళ్ల పిల్లల్ని తీసుకొస్తున్నారు. పెద్దవాళ్ల శ్రుతిలో, పెద్దవాళ్ల పాటలు, రోజుకి ఐదారు గంటలు. గొంతు జీరపోయింది, ఫైనల్స్ దగ్గర పడుతున్నాయి, ఆపరేషన్ చేయిస్తే ఎన్ని రోజుల్లో పాడగలడు అని అడుగుతారు. చిన్నపిల్లల కాయలు చాలావరకు సాధనతో, వయసుతో తగ్గుతాయి, ముఖ్యంగా మగపిల్లలకి గొంతు మారే ఈడు వచ్చేసరికి. ఆగండి అంటే ఆగరు. "మీరు పాతకాలం మనిషి బాబాయి గారూ" అని వెళ్లిపోతారు. పాతకాలంలో సంగీతం మాస్టార్లు పిల్లల చేత తెల్లవారుజామున మంద్రంలో సరళీ స్వరాలు పలికించేవారు. పైస్థాయి అందలేదని ఎవరూ కన్నీళ్లు పెట్టుకునేవారు కాదు.

నా గదిలో మొదట్లో స్పూల్ టేపు రికార్డరు ఉండేది, తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఆపరేషన్‌కి వెళ్లే ప్రతి మనిషి చేతా ముందురోజు రికార్డు చేయించేవాణ్ణి. తన పేరు, ఊరు, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్క, "ఆ" అని దీర్ఘం, ఒక పాఠం ముక్క, తర్వాత తన వృత్తిలో గొంతు ఎలా వాడతాడో అది. కండక్టరు స్టాపుల పేర్లు అరిచేవాడు, పంతులు గారు మంత్రం చెప్పేవారు, కూరగాయలమ్మి తన కేక వేసేది. నెలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి అవే మాటలు మళ్లీ. రెండూ పక్కపక్కన పెట్టి రోగికీ వినిపించేవాళ్లం, డాక్టరుకీ వినిపించేవాళ్లం. నేను రిటైరై గది ఖాళీ చేశాక ఆ క్యాసెట్ల బీరువాని పాత సామానులో పడేశారు. ఎన్ని వందల గొంతులో అందులో! ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు కూడా.

అది పోతే పోయింది. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ నా టేపు రికార్డరు కంటే వందరెట్లు మంచి రికార్డరు ఉంది కదా! అందులో స్వరతంత్రుల వీడియో దాచుకుంటారు, ఒక్క నిమిషం గొంతు రికార్డు చేసుకోరు. చేసుకోమని చెప్పేవాళ్లూ లేరు. గొంతు ఫలితాన్ని కొలవడానికి పద్ధతులు లేక కాదు. బొంగురు ఎంత, గాలి ఎంత, నీరసం ఎంత, బిగింపు ఎంత అని చెవితో విని మార్కులు వేసే పద్ధతి హిరానోయే 1981లో ఇచ్చిపోయాడు. సున్నా నుంచి మూడు దాకా మార్కులు, ఐదు నిమిషాల పని. గొంతు వల్ల నీ బతుక్కి ఎంత ఇబ్బంది అని రోగినే అడిగే ముప్పై ప్రశ్నల కాగితం 1997లో వచ్చింది. నా మాట అర్థం కాక మళ్లీ అడుగుతున్నారా, గొంతు గురించి సిగ్గుపడి నలుగురిలోకి వెళ్లడం మానేశానా, ఇలాంటి ప్రశ్నలు. మొత్తం నూట ఇరవై మార్కులు, ఎంత ఎక్కువైతే అంత కష్టం. ఆపరేషన్‌కి ముందు ఎనభై ఉండి మూడు నెలల తర్వాత ఇరవైకి దిగితే అది సక్సెస్. ఎనభై ఎనభైగానే ఉంటే, ఆ వీడియో ఎంత నున్నగా ఉన్నా ఏం లాభం? కాగితం ఖర్చు తప్ప ఇంకేమీ లేని పరీక్ష ఇది. లక్షల పరికరాలు పెట్టిన చోట ఈ కాగితం కనబడదు.

మౌనం సంగతి మరీ అన్యాయం. మా రోజుల్లో ఆపరేషన్ అయినవాళ్ల మెడలో పలక వేలాడదీసేవాళ్లం, బలపం ముక్క దారంతో కట్టి. రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు నోరు కట్టేసుకునేవారు. అన్నం వడ్డించే ఆడమనిషి కూడా పలక చూసి వడ్డించేది. అంత కాలం అక్కర్లేదని ఇప్పుడు తేలింది. జపాన్‌లో కొంతమందిని మూడు రోజులు, కొంతమందిని ఏడు రోజులు మౌనంగా ఉంచి పోల్చి చూస్తే మూడు రోజులవాళ్ల గొంతే మెరుగ్గా ఉందని 2017లో ప్రచురించారు. ఇది చదివి నేను సంతోషించాను. పొర మానేటప్పుడు కాస్త కదలిక ఉంటే మచ్చ తక్కువ కడుతుందన్నది ఇప్పటి ఆలోచన, నాకూ సబబుగానే తోస్తుంది. కానీ అక్కడ ఆ మూడు రోజుల తర్వాత మనిషిని గాలికి వదిలేయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా సాధన చేయించారు. మనవాళ్లు ఆ సగం వదిలేసి ఈ సగం పట్టుకున్నారు. మూడు రోజులు చాలట అని చెప్పి ఇంటికి పంపిస్తున్నారు. ఆ మూడు రోజులైనా సరిగ్గా ఉంటున్నారా? మాట్లాడొద్దంటే వాట్సాప్‌లో గుసగుసగా వాయిస్ మెసేజీలు పెడుతున్నారు. గుసగుస కాబట్టి పరవాలేదనుకుంటారు. గుసగుసలాడేటప్పుడు చాలామంది గొంతుని ఇంకా బిగిస్తారు. చూడవచ్చినవాళ్లు కూడా "ఏదీ ఒక్క మాట మాట్లాడు, ఎలా ఉందో చూద్దాం" అంటారు. మా వార్డు సిస్టరు గారైతే అలా అన్న చుట్టాన్ని గుమ్మం దాటించేది.

సాధన అంటే ఏదో గొప్ప విద్య అనుకుంటారు. గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ ఊదడం. పెదాలు బుర్రుమనిపించడం. "మ్" అని పెదాలు జుమ్మనేలా పలికి, ఆ జుమ్ముని మెల్లగా "మా" లోకి, "అమ్మ"లోకి, "మామిడి"లోకి తీసుకెళ్లడం. తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా, తాకీ తాకనట్టు కదలడం నేర్చుకుంటాయి. గొంతు సకిలించే అలవాటు మాన్పించాలి, నీళ్లు తాగించాలి, రాత్రి పొద్దుపోయాక కారంకారంగా తిని పడుకోవడం మాన్పించాలి. రోజుకి నాలుగైదుసార్లు, ఐదేసి నిమిషాలు, రెండు మూడు నెలలు. పైచర్మం వారం పది రోజుల్లో మానుతుంది గానీ లోపలి పొర నెలల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది. ఆ నెలల్లో గొంతుని ఎలా వాడితే అలా స్థిరపడుతుంది. చిన్నపిల్లల ఆటలా ఉందని నాలుగు రోజులకి మానేస్తారు. ఆపరేషన్‌కి బీమా కార్డు పనిచేస్తుంది, ఈ సాధనకి చాలా పాలసీల్లో పైసా రాదు. మూడు జిల్లాలు తిరిగినా ప్రభుత్వాసుపత్రిలో గొంతు సాధన చేయించే మనిషి దొరకడం గగనం. ఉన్నవాళ్లకి చెవి మిషన్ల సర్టిఫికెట్లు రాయడంతోనే పొద్దు గడిచిపోతోంది.

ఎవరి గొంతులు పోతున్నాయో కూడా చూడాలి. పాటగాళ్లు నూటికొకరు. నా గదికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బడిపంతుళ్లు, పంతులమ్మలు. ఆడమనిషి పది నిమిషాలు ఆపకుండా గొంతు వాడిందంటే ఆ రెండు తంత్రులూ లక్షా ఇరవై వేలసార్లు కొట్టుకున్నట్టు. రోజుకి ఆరు పీరియడ్లు, గదికి అరవై మంది, పైన రేకులు, పక్క గదిలో ఎక్కాలు, రోడ్డు మీద హారన్లు. అమెరికాలో గొంతు పాడైన టీచర్లని తీసుకుని, కొందరికి జాగ్రత్తలు చెప్పి, కొందరికి నడుముకి కట్టుకునే చిన్న మైకు ఇచ్చి చూసిన పరిశీలన 2002లో వచ్చింది. మైకు ఇచ్చినవాళ్లకి ఇబ్బంది తగ్గింది. జాగ్రత్తలు మాత్రమే చెప్పినవాళ్లకి చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మన దగ్గర జాగ్రత్తలు చెప్పేవాళ్లకి లోటు లేదు.

మా వీధిలో ఒక లెక్కల టీచరమ్మ ఉంది, నాకు కూతురి వరస. మార్చిలో పాలిప్ తీయించుకుంది. చేసిన డాక్టరు పని చక్కగా చేశాడు, వీడియో నాకూ చూపించింది, స్ట్రోబోస్కోపులో అల కూడా కదులుతోంది. అయినా వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు పడిపోతోంది. ముందు గొంతు రికార్డు ఉందా అమ్మాయ్ అంటే లేదంది. వాళ్ల తమ్ముడికి తట్టింది, 2020లో కరోనా రోజుల్లో పిల్లలకి ఫోనులో పాఠాలు రికార్డు చేసి పంపేది కదా అని. పాత ఫోను వెతికి తెచ్చాడు. భిన్నాల పాఠం. "లవం పైన, హారం కింద" అని పిల్లల పేర్లు పిలుస్తూ చెబుతోంది, గొంతు ఒక్కసారైనా తడబడలేదు. పాలిప్ రాకముందటి గొంతు అన్నమాట. ఇప్పుడు రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అదే పాఠం చదువుతోంది. మొదటి వారంలో వాక్యానికి రెండుసార్లు ఊపిరి తీసుకునేది. ఇప్పుడు ఒక్క ఊపిరిలో "హారం కింద" దాకా వస్తోంది, చివరి అక్షరం ఇంకా నలుగుతోంది. "ఆ" దీర్ఘం తొమ్మిది సెకన్ల నుంచి పద్నాలుగుకి వచ్చింది. డాక్టరు మళ్లీ రమ్మన్నప్పుడు ఈ రెండు రికార్డులూ పట్టుకెళ్లి ముందు ఇవి వినండి, తర్వాత లోపల చూడండి అని చెప్పమన్నాను.

జూన్‌లో బడి తెరుస్తారు. నడుముకి కట్టుకునే మైకు ఒకటి ఇప్పించమని, కనీసం మూడు నెలలు రోజుకి రెండు పీరియడ్లు తగ్గించమని ఏప్రిల్‌లోనే అర్జీ పెట్టింది, నేనే రాసిచ్చాను, డాక్టరు చీటీ కూడా జతచేశాం. పీరియడ్లు తగ్గించడానికి మనిషి లేడన్నారు. మైకు సంగతి పై ఆఫీసుకి రాశామన్నారు. ఆ మైకు ఖరీదు రెండు మూడు వేలు. ఆపరేషన్‌కి అయిన ఖర్చులో అది ఏ మూలకీ రాదు. నిన్న మళ్లీ వెళ్లి అడిగొచ్చింది. ఇంకా జవాబు రాలేదట.